ఏసురాజు వేసిన కిట్టు

19 అక్టోబర్ 2014, ఆదివారం

తుఫాను వెళ్ళి సరిగ్గా వారం. కరెంటు ఇంకా రాలేదు. చర్చి రేకులు ఆరు ఎగిరిపోయాయి, అయినా ఆరాధన జరిగింది. ఎండ వచ్చి నేరుగా నా వీపు మీదే పడింది. నేను మాత్రం చోటు మారలేదు, అది నా బెంచీ.

మా ఇంట్లో ఒక్క చుక్క నీరు దిగలేదు. నా ముందుచూపే అని రాసుకుంటే తప్పేం లేదు, ఇది నా పుస్తకం. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కాను. తలుపుల కింద గోనెలు పెట్టాను. కారుకి కూడా నీళ్ళు దిగే చోట్లు వెతికి వెతికి మూశాను. ఈయన కుర్చీలోంచి కదలకుండా, "ఓడ కట్టిన నోవహు కూడా ఇంత హైరానా పడి ఉండడు లీలా" అని ఎగతాళి. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు డ్యూటీ అంతా నన్ను ఎగతాళి చేయడమే.

కంటి ఆపరేషన్ తర్వాత ఈయన స్టీరింగు వదిలేశారు. మూడేళ్ళుగా నేనే నడుపుతున్నాను. ఎనభై రెండు మోడల్ అంబాసిడర్, పెట్రోల్ బండి. నా చేతిలో ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు.

25 అక్టోబర్, శనివారం

ఆగింది.

ప్రతి శనివారంలాగే కొత్తవలస చిన్న చర్చిలో ఆడవాళ్ళకి పాటలు నేర్పడానికి బయల్దేరాను. ఇరవై కిలోమీటర్లు బాగానే నడిచింది. తర్వాత ఎక్సిలేటరు తొక్కుతుంటే దగ్గడం మొదలుపెట్టింది. నాలుగు కుదుపులు కుదిపి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోంది గానీ అంటుకోదు. అంటే బ్యాటరీ కాదు, కార్బొరేటర్‌కి పెట్రోల్ అందడం లేదు. ఆ మాత్రం నాకు తెలుసు. ముప్పై రెండేళ్ళుగా మిషన్ స్కూల్లో భౌతికశాస్త్రం చెబుతున్నాను.

ఇంజను పక్కనే ఉంటుంది పెట్రోల్ పంపు. అది వేడెక్కితే లోపలి పెట్రోల్ ఆవిరవుతుంది, ఆవిరిని పంపు తోయలేదు. తాగే నీళ్ళతో రుమాలు తడిపి పంపు మీద వేశాను. అరగంట కూర్చుని సెల్ఫ్ కొడితే మొదటి దెబ్బకే స్టార్టయింది. కాబట్టి రోగం పంపులోనే. రోగం ఏదో కనిపెట్టాను, మందు వేయడానికి మెకానిక్ ఏసురాజు ఉన్నాడు.

27 అక్టోబర్, సోమవారం

ఏసురాజు ఇంటికే వచ్చాడు. విజయనగరం మూడులాంతర్ల సెంటర్ దగ్గర రిపేరు షెడ్డు అతనిది. మా చర్చివాడే. ఎనభై తొమ్మిదిలో నా దగ్గర పదో తరగతి చదివాడు, నా సబ్జెక్టులోనే తప్పాడు. ఇప్పటికీ నన్ను చూస్తే చెప్పులు విడిచి నిలబడతాడు. వాళ్ళమ్మాయి షాలిని ఇప్పుడు నా ఎనిమిదో తరగతిలో ఉంది.

కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టి, నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. పెట్రోల్ ఎగజిమ్మాల్సింది పోయి నీరసంగా కారింది. పంపు విప్పాడు. లోపల పలచటి పొర ఒకటి ఉంటుంది, డయాఫ్రం అంటారు, అది కిందికీ పైకీ ఆడితేనే టాంకులోంచి పెట్రోల్ లాగుతుంది. అది ఎండి బీటలు వేసింది. కొత్త డయాఫ్రం ఉన్న కిట్టు తెప్పించి వేశాడు.

"అసలు కిట్టేనా?"

"అసలుదే టీచరమ్మా. ఇదిగోండి, అట్టపెట్టి కూడా ఉంచినాను సూడండి."

మళ్ళీ సీసా పెట్టి చూస్తే ఈసారి జోరుగా కొట్టింది. అక్కడితో వెళ్ళిపోవచ్చా? వెళ్ళడు. తల గోక్కుంటూ నిలబడ్డాడు. "పంపు బాగుందమ్మా. కానీ నాకింకా అనుమానమే. టాంకు మూత తాళం ఇస్తారేటి? ఓపాలి సూస్తాను."

పంపు చూడమంటే టాంకుతో ఏం పని? తుఫాను తర్వాత బంకుల దగ్గర ఎంతెంత క్యూలు! పక్కవీధిలో రెండు స్కూటర్లలోంచి పెట్రోల్ లాగేశారు. తాళం ఇవ్వలేదు. "అవసరం లేదులే" అన్నాను. అతను సామాన్లు సర్దుకుని వెళ్ళాడు. నేను ఏమనుకున్నానో అతనికి తెలియదనే అనుకుంటాను.

1 నవంబర్, శనివారం

అదే చోట ఆగింది! అదే తాటితోపు దగ్గర, అదే దగ్గు. తడి రుమాలు, అరగంట, మళ్ళీ స్టార్టు. నా ఒళ్ళు మండిపోయింది. కొత్త కిట్టు వేసి ఐదు రోజులు కాలేదు.

సాయంత్రం స్కూలు కమిటీ. మన స్కూలు వేన్లు రెండింటి రిపేరు పని ఈ ఏడాదికి ఎవరికివ్వాలని. కరస్పాండెంట్ జాన్ గారు ఏసురాజు పేరు దాదాపు రాసేశారు. "మన సంఘంవాడు, పనిమంతుడు" అన్నారు. నేను లేచి నిలబడ్డాను. నా కారుకి నకిలీ కిట్టు వేశాడు, పిల్లలెక్కే వేన్లు అతని చేతికి ఇవ్వకండి అన్నాను. జాన్ గారు కలం ఆపారు. "మీరు చెప్పారంటే ఇంక ఆలోచనేముంది లీలారాణి గారూ" అని రింగురోడ్డు మీద పెద్ద గారేజీ పేరు రాశారు.

నాకు తెలిసింది చెప్పాను. పిల్లల ప్రాణాల విషయం. మొహమాటానికి పోతే ఎలా?

2 నవంబర్, ఆదివారం

నెలలో మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల. ఎవరి మీదైనా మనసులో ఏమైనా ఉంటే ముందు సర్దుకుని రండి, లేదా ఈ నెలకి ఆగండి అని పాస్టరు అయ్యగారు ఎప్పటిలాగే చెప్పారు. రొట్టె పళ్ళెం ఏసురాజు బెంచీ దగ్గరికి వెళ్ళింది. అతను తీసుకోలేదు. తలవంచుకుని పక్కవాళ్ళకి అందించేశాడు.

చూశారా. తప్పు చేశాడు కాబట్టే చెయ్యి రాలేదు. ఇంతకంటే ఏం రుజువు కావాలి?

నేను తీసుకున్నాను.

8 నవంబర్, శనివారం

పొద్దున్న బంకులో పెట్రోల్ పోయించాను. బంకులో నేను కారు దిగను, అద్దంలోంచి తాళం ఇస్తాను, వాళ్ళే మూత తీసి పోసి పెడతారు. వెళ్ళేటప్పుడు కొత్తవలస దాకా ఆగలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆగింది. టాంకు నిండుగా ఉంటే పంపుకి లాగడం తేలిక, అందుకే వెళ్ళింది. అంతా సరిపోతోంది.

కొత్తవలస ఆడవాళ్ళు ఆలస్యాలేమిటని అడిగితే ఏసురాజు కిట్టు సంగతి చెప్పాను. వెనక్కొస్తూ ఆగినప్పుడు రోడ్డు మీద సాయానికొచ్చిన ఆటోవాళ్ళకీ చెప్పాను. అడిగితే చెప్పకుండా ఎలా ఉంటాను?

15 నవంబర్, శనివారం

రింగురోడ్డు గారేజీలో బుధవారం పంపునే మార్పించాను. మొత్తం కొత్త పంపు. ఇవాళ మళ్ళీ ఆగింది.

ఇదీ నకిలీయే అయ్యుంటుంది. ఊరంతా నకిలీ.

ఈయన పేపరు దించి చూశారు. "రెండు పంపులూ నకిలీయేనేటి? మన కారుకి పంపంటేనే గిట్టదేమో అడుగు."

అన్నీ నవ్వులాటే ఈ మనిషికి. అన్నం పెట్టి మాట్లాడకుండా లోపలికి వచ్చేశాను.

18 నవంబర్, మంగళవారం

ఎనిమిదో తరగతి, గాలి పీడనం. ఏటేటా చేసినట్టే రెండు నూనె డబ్బాలు పట్టుకెళ్ళాను, లోపల రంగునీళ్ళు. ఒకదానికి ఒకే కన్నం, రెండోదానికి రెండు. ఒక కన్నం డబ్బా వంచితే బుడుక్ బుడుక్‌మని రెండు గుక్కలు వచ్చి ఆగిపోతుంది. రెండు కన్నాలది ధారగా పోస్తుంది. ఎందుకు? అని అడిగి చెయ్యెత్తమంటాను. ఇరవై ఏళ్ళుగా ఇదే డబ్బా, ఇదే ప్రశ్న.

ఇవాళ షాలిని చెయ్యెత్తింది. కమిటీ జరిగినప్పటి నుంచి నా క్లాసులో నోరు విప్పని పిల్ల. ముఖం చూడకుండా జవాబు చెప్పింది. "నీళ్ళు బయటికి పోయినంత గాలి లోపలికి ఎల్లాలి టీచర్. ఎల్లకపోతే లోపల ఖాళీ పడి నీళ్ళని వెనక్కి పట్టేస్తాది. కారు టాంకు మూతకి కూడా అందుకే సన్న కన్నం ఉంటాదంట, మా నాన్న సెప్పినాడు."

"కూర్చో" అన్నాను. బాగా చెప్పావని కూడా అనలేదు. సుద్దముక్క చేతిలో అలాగే ఉంది. తుఫానుకి ముందు రోజు నేను మూతకి సన్న కన్నం చూశాను. వాన నీళ్ళు టాంకులోకి దిగుతాయని ఎమ్‌సీల్ ముద్ద పిసికి పెట్టి, వేలితో నున్నగా అలికాను. ఎంత బాగా వచ్చిందో అని మురిసిపోయాను కూడా.

తర్వాతి క్లాసుకి ఏం చెప్పానో గుర్తు లేదు.

అదే రోజు, సాయంత్రం

కారు రైల్వేస్టేషన్ దాకా, అక్కడినుంచి ఊరి చుట్టూ గంటసేపు తిప్పాను. ఇంటికొచ్చి మూత తీశాను.

ఉస్సుమంది.

19 నవంబర్, బుధవారం

మూత కన్నంలోకి ముందు సూది, తర్వాత సన్న మేకు. గంట పట్టింది. మన చేత్తో పెట్టింది ఊడదీయడం ఎంత కష్టం.

22 నవంబర్, శనివారం

కొత్తవలస వెళ్ళి వచ్చాను. ఎక్కడా ఆగలేదు. ఇన్నాళ్ళూ అరగంట ఆగితే స్టార్టయింది నా తడి రుమాలు వల్ల కాదు, ఆ కాసేపట్లో టాంకులోకి ఎలాగో కొంచెం గాలి చేరినందుకు.

ఏసురాజు వేసిన కిట్టు మంచిదే అయ్యుండవచ్చు. కానీ పాత డయాఫ్రం బీటలు వేసిన మాట కూడా నిజమే కదా, అది మార్చాల్సిందే. అంటే పంపులోనూ కొంత లోపం ఉంది. నేను పూర్తిగా తప్పు చెప్పలేదు. పైగా కమిటీ నిర్ణయం అయిపోయింది, ఇప్పుడు కదిపితే జాన్ గారికి ఇబ్బంది, గారేజీ వాళ్ళకి ఇబ్బంది. ఏసురాజుకి వేరే బండ్లు బోలెడు ఉంటాయి. ఇకనుంచి నా కారు అతని దగ్గరికే పంపిస్తాను. అది చాలు.

24 నవంబర్, సోమవారం

మూడులాంతర్ల మీదుగా వచ్చాను. ఏసురాజు షెడ్డు ముందు ఒక్క బండి కూడా లేదు. స్టూలు మీద కూర్చుని పాత పంపు ఒకటి గుడ్డతో తుడుస్తున్నాడు. నేను హారన్ కొట్టలేదు.

30 నవంబర్, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక ఈయన అడిగారు. "రెండు వారాలై కారు ఆగటం నేదు. ఎవుడు బాగుచేసినాడు?"

"దానంతట అదే సర్దుకుంది."

"దానంతట అదే సర్దుకునే కారుని ముప్పై ఏళ్ళుగా నేనెందుకు సూడలేదు లీలా?"

చెప్పేశాను. మూత, ఎమ్‌సీల్, డబ్బా, షాలిని, అంతా. ఎగతాళి చేస్తారని చూశాను, తిట్టినా బాగుండేది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తాళం అడిగినాడన్నావు కదా, ఆ రోజు" అన్నారు. అంతే. కాఫీ కూడా అడగలేదు.

తాళం అడిగాడు. అడిగితే పెట్రోల్ దొంగ అనుకున్నాను. ఇన్నాళ్ళూ ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి ఈ పుస్తకం మూసేస్తున్నాను. సిగ్గుగా ఉంది.

వచ్చే ఆదివారం మళ్ళీ బల్ల.

3 డిసెంబర్, బుధవారం

ఆదివారానికి జ్వరం వచ్చేలా ఉంది.

5 డిసెంబర్, శుక్రవారం

జ్వరం రాలేదు.

6 డిసెంబర్, శనివారం

కొత్తవలస వెళ్ళలేదు. కారు తీసుకుని షెడ్డుకి వెళ్ళాను. నన్ను చూసి ఏసురాజు చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఆ పని ఇవాళ చేయకపోతే బాగుండు అనిపించింది.

నిలబడే చెప్పాను. "ఏసురాజూ, నీ కిట్టు మంచిదే. తప్పు నాది. టాంకు మూత కన్నం నేనే మూసేశాను. నువ్వు తాళం అడిగితే నిన్ను దొంగనుకున్నాను. నన్ను క్షమించు."

అతను చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు.

"కిట్టు మంచిదని నాకు ముందే తెలుసు కదా టీచరమ్మా, ఏసింది నానే కదా" అన్నాడు. "నాకు సెప్తే ఏటొస్తాది? ఎవులెవులికి సెప్పినారో ఆలకి సెప్పండి."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా ఇంత తగిలేది కాదు. కుర్చీ తుడిచి వేశాడు, కూర్చోమన్నాడు. ఆ టాంకు మూత ఓపాలి సూపించండమ్మా, కన్నం పూర్తిగా తెరుచుకుందో లేదో సూస్తాను అన్నాడు. ఈసారి తాళం చేతికిచ్చాను. సన్న తీగ పెట్టి, నోటితో ఊది చూసి, బాగుందని తిరిగి ఇచ్చాడు. నేను నీళ్ళు కూడా తాగకుండా వచ్చేశాను.

ఇంటికొచ్చి చెప్పినవాళ్ళ పేర్లు రాయడం మొదలుపెట్టాను. కమిటీలో ఐదుగురు. స్టాఫ్ రూములో ఆరుగురు. మా వీధిలో ముగ్గురు. కొత్తవలస పాటల వాళ్ళు పన్నెండు మంది. రింగురోడ్డు గారేజీలో ఇద్దరు. ఆటోవాళ్ళ పేర్లు నాకు తెలియవు.

7 డిసెంబర్, ఆదివారం

బల్లకి ముందు అయ్యగారిని అడిగి లేచి నిలబడ్డాను. ఏడో తరగతి పిల్ల పాఠం అప్పజెప్పినట్టు మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. తాళం సంగతి కూడా దాచలేదు.

పళ్ళెం వచ్చింది. ఏసురాజు తీసుకున్నాడో లేదో ఈసారి చూడలేదు.

ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఎంత తగ్గింపు మనసు టీచరుగారూ, ఎంతమందికి సాక్ష్యం అని ఒకరు కళ్ళొత్తుకున్నారు. ఛీ, ఏం తగ్గింపు? చెడ్డపేరు ఒకడికి, మెచ్చుకోలు నాకు. జాన్ గారిని వరండాలో పట్టుకుని వేన్ల సంగతి అడిగాను.

"ఏడాదికి సంతకాలైపోయాయి కదండీ. అప్పుడు మీరు అంత గట్టిగా చెప్పారు మరి. వచ్చే ఏడు చూద్దాం."

వచ్చే ఏడు నేను కమిటీలో ఉండను. జూన్‌లో రిటైర్మెంటు. ఆ మాట జాన్ గారికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఏసురాజు తప్పేమీ లేదని ఇప్పుడే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తానన్నాను, రాసి ఇచ్చాను. ఏసురాజు మెట్ల కింద షాలినితో నిలబడి ఉన్నాడు. నేను దిగుతుంటే షాలిని "గుడ్ మార్నింగ్ టీచర్" అంది. ఇన్నాళ్ళకి ముఖం చూసి అంది.

11 డిసెంబర్, గురువారం

స్టాఫ్ రూములో చెప్పాను. వీధిలో చెప్పాను. గారేజీకి వెళ్ళి చెప్పాను. నేను మొదలుపెట్టగానే అందరూ ఒకటే మాట, "అయ్యో, ఇంత చిన్న విషయానికి ఎందుకండీ." నకిలీ అని చెప్పినప్పుడు ఎవరూ చిన్న విషయం అనలేదు. చెవులు రిక్కించి విన్నారు.

13 డిసెంబర్, శనివారం

క్రిస్మస్ పాటలకి కొత్తవలస బయల్దేరాను. ఊరి ముందు రైల్వే గేటు పడింది. కిరండూల్ లైను గూడ్సు, ఇనుప ఖనిజం వేసుకొచ్చే బండి, తోక ఎప్పటికీ రాదు. ఇంజను ఆపేసి కూర్చున్నాను. గేటు పక్కన టీ అమ్మే ఆమె ఫ్లాస్కు పట్టుకుని అద్దం దగ్గరికి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు. పేరు అడిగాను, తవిటమ్మ అంది.

టీ ఇచ్చి కారుని ముందు నుంచి వెనక దాకా చూసింది. "పాత బండి అయినా బాగా ఉంచినారమ్మా. ఎవులు సూస్తారు దీన్ని?"

"విజయనగరంలో ఏసురాజు" అన్నాను. ఆ పేరు చెప్పడానికి అవకాశం దొరికిందని సంతోషం కూడా వేసింది.

"ఓలమ్మా! ఆడి కాడికా ఎల్తన్నారు? ఎల్లకండి తల్లీ. ఆడు నకిలీ సామాను ఏస్తాడంట. మా అల్లుడు ఆటో తోల్తాడు, స్టాండులో అందరికీ తెలుసంట."

"అది అబద్ధం తవిటమ్మా."

"అబద్ధమేటి? ఎవులో టీచరమ్మ కారుకి అలగే సేసినాడంట. ఆ టీచరమ్మే సెప్పినాదంట. ఆవిడ నోట అబద్ధం రాదంట. ఎంతమంది పిల్లలకో సదువు సెప్పిన మనిషంట."

గ్లాసు పక్కన పెట్టేశాను. "ఆ టీచర్ని నేనే. నేనే తప్పు చెప్పాను. అతను వేసింది మంచి సామానే. కారు ఆగింది నా వల్ల" అన్నాను. మూత, కన్నం, ఎమ్‌సీల్ అంతా చెప్పాను. వ్యాగన్లు పోతూనే ఉన్నాయి, గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది.

ఆమె అంతా విన్నది. విని నా వైపు చాలా ప్రేమగా చూసింది. అద్దంలోంచి చెయ్యి పెట్టి నా భుజం తట్టింది.

"తెలిసిందిలెండి అమ్మా. ఆడు మీకు తెలిసినోడు, పెళ్ళాం పిల్లలున్నోడు. ఆడి కడుపు కొట్టడం ఇష్టం నేక తప్పు మీ మీదేసుకుంటన్నారు. మంచోలు అలగే సెప్తారు. కానీ మా అల్లుడు బండి మాత్రం ఆడి కాడికి పంపను."

గేటు లేచింది. వెనక బస్సువాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. నేను కారు స్టార్ట్ చేసి, మట్టిలోకి పక్కకి తీసి ఆపాను. దిగి, ఆటోస్టాండు ఎటు అని అడిగాను.